ఎవరూ కోసి చూడని గుండెలు

స్టాన్లీ, టాస్మేనియా
మార్చి మొదట్లో

థియా,

నేను చావలేదు. ఈ సంగతి మీ సంస్థలో కొందరికి నిరాశ కలిగించవచ్చు. వాళ్ళకి నా సానుభూతి అందజెయ్యి.

మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. కంచెకు మేకు కొడుతుంటే ఎడమ దవడ లాగింది. బతుకంతా చచ్చినవాళ్ళ గుండెలు కోసినవాడికి దవడ లాగితే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. సుత్తి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. హెలికాప్టర్లో హోబార్ట్ తీసుకెళ్ళి స్టెంట్ వేశారు. వేసిన కుర్రడాక్టరు, "ఏం పని చేసేవాడివి తాతా?" అన్నాడు. "నీలాంటివాళ్ళు పొరపాటు చేశాక, ఆ పొరపాటేమిటో చెప్పేవాణ్ణి" అన్నాను. ఆ తర్వాత మళ్ళీ తాతా అనలేదు, డాక్టర్ ఓక్‌ఫర్డ్ అన్నాడు.

ఇప్పుడు నా ఛాతీలో ఏం జరుగుతోందో నీకు చెప్పక్కర్లేదు. చచ్చిన కండ మీదికి తెల్లకణాల మొదటి దండు వచ్చి పడి ఉంటుంది. మోటు మనుషులు. కనిపించిందల్లా పగలగొడతారు, పక్కనున్న బతికిన కండ మీద కూడా చెయ్యి చేసుకుంటారు, అక్కడే చస్తారు. వెనకాలే భక్షక కణాలు వచ్చి ఆ శవాలను మింగుతాయి. మింగాక వాటి బుద్ధి మారుతుంది. కూల్చడం మానేసి, నార అల్లేవాళ్ళను కేకేస్తాయి. అప్పుడే మచ్చ కడుతుంది. మచ్చ కట్టాకే మనిషి బతికినట్టు.

ఆస్పత్రిలో ఓ పాత పేపరు దొరికింది. మొదటి దండును గుమ్మంలోనే ఆపేసే మందు మీ డైరెక్టరు డెస్మండ్ రక్‌స్టన్ తయారుచేశాడనీ, గుండెపోటు వచ్చినవాళ్ళకు త్వరలో ఇచ్చి చూస్తారనీ రాశారు. ఎలుకల్లో గుండె అద్భుతంగా కొట్టుకుంటోందట. గుండెపోటు తెప్పించడానికి ఆ ఎలుకల ధమనులకు ముడి వేసింది నువ్వేనని నాకు తెలుసు. బియ్యపుగింజ మీద కుట్టు వేసినట్టుండే ఆ పని అక్కడ నీకు తప్ప ఎవరికి వచ్చు?

బతికిన ఎలుకల సంగతి పేపర్లో ఉంది. మొదటి వారంలో చచ్చిన ఎలుకల గుండెలు ఎవరు కోసి చూశారు?

మీ మామయ్య
క్లెమెంట్


అడిలైడ్
మార్చి చివర

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆ తర్వాత కోపం వచ్చింది. చావు తప్పించుకుని వచ్చిన మనిషి మేనకోడలికి రాసే ఉత్తరంలో ఎలుకలా? ఫోన్ చేస్తే "వినపడట్లేదు" అని పెట్టేస్తావు. కంప్యూటర్ ముట్టుకోవు. సరే, కాగితం మీదే పోట్లాడుకుందాం.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. రివాజు నీకు తెలియనిది కాదు. ముడి వేశాక మొదటి వారంలో చచ్చిన ఎలుక ముడి వేసినవాళ్ళ ఖాతాలోకి పోతుంది, అంటే నా ఖాతాలోకి. ముడి లోతుగా పడిందో, రక్తం పోయిందో, మత్తు ఎక్కువైందో. సంచిలో వేసి ఫ్రీజర్లో పడేస్తాం. లెక్కలోంచి తీసేస్తాం. మా దగ్గరే కాదు, చాలాచోట్ల అంతే.

ఈసారి కాస్త ఎక్కువే చచ్చాయి. నా చెయ్యి మునుపటిలా లేదు మామయ్యా. కళ్ళజోడు మార్చాను, దీపం మార్చాను, దారం మార్చాను. ఇంకెవరికీ చెప్పుకోలేదు. ఒక రోజు అందరి ముందూ రక్‌స్టన్ నవ్వుతూ, "థియా, ఈ నెల నీ చేతిలో పోయినవాళ్ళకి సంతాపసభ పెడదామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జులైలో ఎథిక్స్ కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు ఊఁ అంటే ఆగస్టులో మొదటి రోగికి సూది పడుతుంది. పదేళ్ళ పని ఇది. రక్‌స్టన్‌ది మాత్రమే కాదు, నాది కూడా.

ఆయన నీ గురించి అడిగాడు. "మీ మామయ్య ఎలా ఉన్నాడు? ఇంకా నన్ను తిడుతున్నాడా?" అన్నాడు. "ఊపిరాడుతోంది కదండీ, తిడుతూనే ఉంటాడు" అన్నాను. వేళకు మందులు వేసుకో. కంచె జోలికి పోకు.

నీ
థియా


స్టాన్లీ
ఏప్రిల్

థియా,

మందులు వేసుకుంటున్నాను. వారానికోసారి డోరీన్ అని ఒక నర్సు వచ్చి లెక్కపెట్టి పోతుంది. నా అలమరాల వంక చూసి, "ఇన్ని పుస్తకాలు చదివి ఏం నేర్చుకున్నావు క్లెమ్?" అంది. "సామ్రాజ్యాలు శత్రువుల వల్ల కూలవని, లెక్క రాసేవాళ్ళ వల్ల కూలతాయని" అన్నాను. "అదేదో తర్వాత చూద్దాం, ముందు చొక్కా పైకెత్తు" అంది.

నీ చేతికి ఏమీ కాలేదు. ముడి తప్పయితే ఎలుక ఆ రోజే చస్తుంది, లేదా మర్నాడు. ఆ తర్వాత హాయిగా తిని తిరుగుతున్న ఎలుక ఉన్నట్టుండి బోనులో వాలిపోయిందంటే అది ముడి వల్ల కాదు. గుండె గోడ చిరిగింది.

ఎందుకు చిరుగుతుందో ఆలోచించు. మొదటి దండును గుమ్మంలో ఆపేశారు. భక్షక కణాలకు మింగడానికి శవాలు లేవు. మింగకపోతే వాటి బుద్ధి మారదు. బుద్ధి మారకపోతే నార అల్లేవాళ్ళకు కబురు వెళ్ళదు. చచ్చిన కండ తడిసిన అట్టలా మెత్తబడి ఉంటుంది, లోపలి నుంచి ప్రతి కొట్టుకూ రక్తం దాన్ని తోస్తూనే ఉంటుంది. ఎంతసేపు ఆగుతుంది? చిన్న దెబ్బ తిన్నవి తట్టుకుని మిగులుతాయి. వాటి గుండె బాగానే కొట్టుకుంటుంది, ఎందుకు కొట్టుకోదు? పెద్ద దెబ్బ తిన్నవన్నీ మీ ఫ్రీజర్లో ఉన్నాయి కదా.

ఇది రక్‌స్టన్‌కు తట్టకపోవడంలో వింతేమీ లేదు. ఆ బుద్ధి మారడం అనేదాన్ని కనిపెట్టింది వాడు కాదు, నేను. శవాల గుండెల్లోంచి పొరలు కోసి, గాజుపలకల మీద పరిచి, ఏళ్ళ తరబడి చూసి కనిపెట్టాను. "ఇద్దరం కలిసి రాద్దాం క్లెమ్" అని పలకలన్నీ పట్టుకుపోయాడు. వ్యాసం వచ్చింది, అందులో వాడి పేరొక్కటే ఉంది. నువ్వు పిల్లలకు చెప్పే పాఠ్యపుస్తకంలో దాన్నిప్పుడు రక్‌స్టన్ మలుపు అంటారు. వాడు డైరెక్టరయ్యాక చేసిన మొదటి పని నా కోతగది మూయించి అక్కడ కాఫీ యంత్రం పెట్టించడం. చచ్చినవాటిని కోసి చూసే అలవాటు ఆ భవనంలోంచి ఆ రోజే పోయింది.

సొంతంగా కనిపెట్టినవాడైతే ఆ మలుపుకు అడ్డుపడే మందు చెయ్యడు. దొంగిలించినవాడికి దాని బరువు తెలియదు.

ఫ్రీజర్ తెరువు.

మామయ్య


అడిలైడ్
మే

మామయ్యా,

తెరిచాను. కొన్నింటిని తీసి కోశాను. గుండెలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఛాతీలో రక్తం లేదు. గోడ ఎక్కడా చిరగలేదు. నా చేతి తప్పే. ఇకనైనా దీన్ని వదిలేస్తావా?

ఇక్కడ చలి మొదలైంది. అమ్మ నీకు స్వెటర్ అల్లుతోంది. రంగు గురించి ఏమీ అనకు.

థియా


స్టాన్లీ
మే

థియా,

నువ్వు ఆ ఫ్రీజర్ తలుపు కూడా ముట్టుకోలేదు.

తెల్లగా, శుభ్రంగా ఉండేది మనం చంపిన ఎలుక గుండె. ఉప్పునీళ్ళు పట్టించి రక్తమంతా కడిగేశాక కనబడే రూపమది. తనంతట తాను చచ్చి, బోనులో కొంతసేపు పడుండి, ఆనక నెలల తరబడి గడ్డకట్టిన గుండె నల్లద్రాక్షలా ఉంటుంది, దేనివల్ల చచ్చినా సరే. రోజూ చూసే బతికిన ఎలుకల గుండెలు తలచుకుని ఆ వాక్యం రాశావు.

అబద్ధం ఆడినందుకు నాకు కోపం లేదు. నా దగ్గర పని నేర్చుకుని ఇంత చేతకాని అబద్ధం ఆడావు, దానికి.

రక్‌స్టన్‌కు భయపడి తెరవలేదని నేననుకోను. నీ చేతి తప్పయితే చచ్చేవి ఎలుకలే. నీ చేతి తప్పు కాకపోతే ఆగస్టు నుంచి మనుషులు చస్తారు. నీ చెయ్యి చెడిపోయిందని నమ్మడమే నీకు సుఖంగా ఉంది.

స్వెటర్ రంగు గురించి ఏమీ అనను.

మామయ్య


అడిలైడ్
జూన్

మామయ్యా,

ఆదివారం వెళ్ళాను. లాబ్‌లో ఎవరూ లేరు. సంచి తీసి, మంచు కరిగేదాకా దాని ముందే కూర్చున్నాను.

మొదటి దాని ఛాతీ తెరవగానే నల్లటి గడ్డ. గుండె చుట్టూ పోతపోసినట్టు, గుండె ఆకారంలోనే. దాన్ని ఒలిచి, గుండెను కడిగి దీపం కింద పెట్టాను. ముడికి కింద, చచ్చిన కండ మధ్యలో, చిన్న చీలిక. సూది పట్టేంత. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

సగం సంచి కోశాను. ఒకటి రెండు తప్ప అన్నీ చిరిగినవే. ఒక్కో గుండె చూడగానే, మందు పడిందో లేదో చెప్పే చెవి బిళ్ళ కూడా చూశాను, ఆగలేకపోయాను. చిరిగినవి దాదాపు అన్నీ మందు పడ్డవే. ఇన్నాళ్ళూ కళ్ళజోళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను మామయ్యా.

సోమవారం రక్‌స్టన్‌కు చూపించాను. చాలాసేపు చూశాడు.

"బిళ్ళ చూస్తూ కోశావా?" అన్నాడు.

"చూశానండీ."

"అంటే దేనికి మందు పడిందో తెలిసి వెతికావు."

"వెతకలేదండీ. ఛాతీ తెరిస్తే నిండా ఉంది."

"ఒలిచేటప్పుడు నీ కత్తి తగిలి చిరిగి ఉండొచ్చు. నీ చెయ్యి ఈ మధ్య ఎలా ఉందో నీకే తెలుసు. థియా, నువ్వు అలిసిపోయావు. రెండు రోజులు ఇంట్లో ఉండు."

అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆయన మోసం చెయ్యట్లేదు, ఆ మందును నిజంగా నమ్ముతున్నాడు. వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయాడని నీకు తెలుసా?

మిగతా సగం నేను కోయను. బిళ్ళలు కనబడకుండా బయటివాళ్ళ చేత కోయించమని కమిటీని అడుగుతాను. అధ్యక్షురాలు జడ్జిగా రిటైరైన మనిషి. విని నిర్ణయిస్తానంది. వాళ్ళు ఒప్పుకుంటే ట్రయల్ ఆగుతుంది.

నిన్నొకటి కోరుతున్నాను. ఎవరికీ ఏమీ రాయకు. ఒక్క ముక్క కూడా. నీకూ ఆయనకూ ఉన్న పగ అందరికీ తెలుసు. నీ పేరు ఆ గదిలోకి వచ్చిందంటే గుండెల మాట ఎవరూ వినరు.

నీ
థియా


స్టాన్లీ
జులై

బంగారుతల్లీ,

భేష్. ఆ చీలిక గురించి నువ్వు రాసిన వాక్యం నాలుగుసార్లు చదివాను. ఏళ్ళ తర్వాత ఎవరో మళ్ళీ ఆ భవనంలో కళ్ళు తెరిచారు.

ఇక్కడ గాలి ఇంటిని ఊపేస్తోంది. పక్కింటివాళ్ళు ఉప్పుపట్టించిన మటన్‌బర్డ్ అనే సముద్రపక్షి మాంసం ఇచ్చారు, డాక్టరు తినొద్దన్నాడు, తిన్నాను. డోరీన్ వచ్చి, "ఏమిటి క్లెమ్, ఇవాళ ఈల వేస్తున్నావు?" అంది.

"పోస్టాఫీసుకి నడిచి వెళ్ళొచ్చాను."

"ఎవరికి? ప్రేమలేఖా?"

"అంతకన్నా పాత వ్యవహారం" అన్నాను.

నువ్వేమీ దిగులుపడకు. నీ మాట ప్రకారమే నడుచుకుంటున్నాను, దాదాపుగా. ధైర్యంగా వెళ్ళు, స్పష్టంగా మాట్లాడు.

మామయ్య


అడిలైడ్
ఆగస్టు

డాక్టర్ ఓక్‌ఫర్డ్ గారికి,

కమిటీలో ఏం జరిగిందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నేను గుండెల ఫొటోలు చూపించాను. శ్రద్ధగా విన్నారు. ఒక సభ్యుడు ముందుకు వంగి, "మిగతా సగం కోయించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని కూడా అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు అధ్యక్షురాలు ఒక కవరు తీసింది. మీ చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను.

నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు రక్‌స్టన్ గారి మీద. పలకల దొంగతనం ఉంది, కాఫీ యంత్రం ఉంది, ఆయన ఇంగ్లండులో చదివిన బడి మీద ఎగతాళి కూడా ఉంది. మిగిలిన అరపేజీ గుండెల గురించి. అందులో మీరు గర్వంగా రాశారు: ఫ్రీజర్లో ఏం వెతకాలో నా మేనకోడలికి చెప్పింది నేనే, నేను చెప్పినట్టే దొరికింది అని.

అధ్యక్షురాలు అడిగింది: "డాక్టర్ బ్రానక్, ఈ గుండెలు కోయకముందే, వాటిలో ఏం కనబడాలో మీ మామయ్య మీకు చెప్పారా?"

"చెప్పారు."

"కోసేటప్పుడు బిళ్ళలు చూశారా?"

"చూశాను."

"ధన్యవాదాలు" అంది. ముందుకు వంగిన సభ్యుడు వెనక్కి వాలాడు.

ట్రయల్ మొదలుపెట్టవచ్చన్నారు. కుటుంబ కక్షలను శాస్త్రంలోకి తీసుకురావద్దని నాకు హితవు చెప్పారు. ఫ్రీజర్ తాళం ఇప్పుడు రక్‌స్టన్ గారి దగ్గర ఉంది. బయటికి వస్తుంటే ఆయన నా భుజం తట్టాడు. ఆయన నా మీద జాలిపడ్డాడు. మీరు నన్ను అక్కడికి చేర్చారు.

థియా బ్రానక్


అడిలైడ్
సెప్టెంబరు

డాక్టర్ ఓక్‌ఫర్డ్ గారికి,

మీ దగ్గర నుంచి జవాబు రాలేదు. మంచిదే.

పోర్ట్ లింకన్‌లో ట్యూనా చేపల వలలు కుట్టే ఆంటే మారిచ్ అనే ఆయనకు పెద్ద గుండెపోటు వచ్చింది. ఇక్కడికి తెచ్చి ధమని తెరిచి, మందు ఇచ్చారు. రెండు రోజులు గడిచాక గుండె చాలా బాగా కొట్టుకుంటోందని వార్డంతా సంబరపడ్డారు. ఆ వారం గడవకుండానే పోయాడు, మంచం మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూ.

భార్య పేరు నెవెన్కా. వరండాలో ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది.

"చేపల పులుసు కావాలన్నాడు. వేడి చేసుకొద్దామని వెళ్ళాను. అంతే, ఇంకేమీ చెయ్యలేదు నేను" అంది, నేనేదో నిలదీసినట్టు.

పోస్టుమార్టం సంగతి ఎలా అడగాలో తెలియలేదు. అడిగాను.

"నువ్వే కోస్తావా అమ్మా?"

"కాదు, పక్కన నిలబడతాను."

"నిలబడు. తర్వాత వంకరటింకరగా కుట్టనివ్వకు. కుట్టు బాగా లేకపోతే ఊరుకునే మనిషి కాదాయన."

నిలబడ్డాను. అదే నల్లటి గడ్డ, అదే చోట చీలిక. మనిషిది కాబట్టి ఇందులో వేలు పట్టింది. కుట్టు తిన్నగా వేయించాను.

రక్‌స్టన్ గారు స్వయంగా వచ్చి చూశారు. మొహం పాలిపోయింది. కానీ ఏమన్నారో తెలుసా? "ఇంత పెద్ద గుండెపోటులో మందు లేకపోయినా ఒక్కోసారి చిరుగుతుంది థియా." అది నిజమే, ఒక్కోసారి చిరుగుతుంది. ఒక్క మనిషిని చూపించి మందును ఆపలేం. ఆపాలంటే ఆ మిగతా సగం సంచి కావాలి. మళ్ళీ అడిగితే మళ్ళీ మీ ఉత్తరమే బల్ల మీదికి వస్తుంది. ఇప్పటికి ఇంకో ఇద్దరికి సూది పడింది.

తిట్టడానికి రాయలేదు. ఆ ఓపిక లేదు.

థియా బ్రానక్


స్టాన్లీ
అక్టోబరు

థియా,

ట్రయల్ ఆగిందని అధ్యక్షురాలు రెండు వాక్యాల్లో నాకు రాసింది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లూ బిళ్ళలు కత్తిరించి కవర్లో పెట్టాకే మిగతా సగం కోశారట. తర్వాత కవరు తెరిస్తే నువ్వు చూసిందే తేలిందట. ఆ సూది పడ్డ ఇద్దరూ మచ్చ కట్టేదాకా తట్టుకున్నారని కూడా రాసింది. ఇవన్నీ నీకు ముందే తెలుసు. రక్‌స్టన్ తాళం ఎందుకిచ్చాడో నీకు తెలియదు. వాడు చెప్పడు.

నీ సెప్టెంబరు ఉత్తరం అందిన రోజే వాడికి ఫోన్ చేశాను. నాకు వినపడదు కదా, డోరీన్ ఫోన్ పట్టుకుని వాడి మాటలు నా చెవిలో అరిచింది. మా ఇద్దరి రహస్యం ఈ వీధి సగం విన్నది.

"డెస్మండ్, నీ మందు మీద నీకు నమ్మకముందా?" అన్నాను.

"ఉందంటున్నాడు!" అని అరిచింది డోరీన్.

"అయితే మిగతావి కోయించు."

"నువ్వు దొంగవని ఊరంతా రాసి, ఇప్పుడు కోయించమంటావా, అంటున్నాడు. కోయిస్తే నువ్వన్నదంతా ఒప్పుకున్నట్టే కదా, అంటున్నాడు!"

"దొంగ కాదని రాసిస్తే?"

డోరీన్, "లైను తెగినట్టుంది" అంది. తెగలేదు. ఊపిరి తీస్తున్నట్టు వినబడుతోందా అని అడిగాను. అవునంది.

రాసిచ్చాను. ఆ మలుపును కనిపెట్టింది డెస్మండ్ రక్‌స్టన్ అని, నా పలకల మీద నాకెన్నడూ ఏమీ కనబడలేదని, ఓర్వలేక ఇన్నాళ్ళూ అబద్ధాలు చెప్పానని. కమిటీకి ఒకటి, వాడి వ్యాసం వేసిన పత్రికకు ఒకటి. వచ్చే సంచికలో వేస్తారట. వాడికి కావలసింది వాడికి దొరికింది. నాకు తాళం కావలసి వచ్చింది.

నెవెన్కాకు ఉత్తరం మొదలుపెట్టాను. పేరు దగ్గరే ఆగాను. ఆ మూడున్నర పేజీలు నేను మింగేసి ఉంటే ఆమె డబ్బా మూత తీసి పెట్టేది, ఆయన తినేవాడు. ఈ మాటను మర్యాదగా రాసే పద్ధతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నువ్వు మళ్ళీ నన్ను మామయ్యా అని పిలవక్కర్లేదు. ఒక్క పని మాత్రం చెయ్యి. కొన్నాళ్ళు పోయాక నిజం బయటపెడదామని నీకు బుద్ధి పుడుతుంది. పెట్టకు. నేను రాసిచ్చింది బేరమని తెలిస్తే ఆ గుండెల మీద కూడా అనుమానం మొదలవుతుంది, మందు మళ్ళీ ఇంకో పేరుతో వస్తుంది.

ఫిబ్రవరిలో కొత్త తరగతి వస్తుంది. ఆ పాఠం దగ్గరికి వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్న పేరే చెప్పు. చెప్పేటప్పుడు గొంతు తడబడనివ్వకు. పిల్లలు పట్టేస్తారు.

క్లెమెంట్ ఓక్‌ఫర్డ్